తలుపు కింద పట్టీ

నూట యాభై రెండు సెంటీమీటర్లు ఉండాలి. అంతకు వెంట్రుకవాసి తగ్గినా సైనిక అకాడమీ వాళ్ళు దరఖాస్తు పక్కన పడేస్తారు. ఫారం చేతికొచ్చిన రోజే అమ్మాయి ఆ వరుస చదివింది, చదివి మరిచిపోయింది కూడా. ఆమె బెంగంతా పరుగు మీద, దండీల మీద, ఎంత దిద్దినా దారికి రాని లెక్కల మీద. ఎత్తు సంగతి పోయినేడే తేలిపోయింది. గోడ మీద సరిగ్గా నూట యాభై రెండు. ఈ ఏడు ఇంకాస్త పెరిగి ఉంటానే గానీ ఎక్కడికి పోతాను అనుకుంది.

సోమవారం మూడో పీరియడ్‌లో ఆమె తరగతి వంతు వచ్చింది. బళ్ళో ఎత్తులు కొలిచేది మందుల గదిలో. తలుపు పక్క గోడ మీద నల్ల రంగుతో గీతలు, పక్కన అంకెలు. గీతలు తొంభై నుంచి మొదలవుతాయి, అంతకన్నా పొట్టివాళ్ళెవరూ బడికి రారు గనక. పోయినేడు కొలిచిన నర్సమ్మ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది, ఈ ఏడు ఆ పని డ్రిల్లు మాస్టారు మీద పడింది. ఆయన ఇరవై ఏళ్ళు సైన్యంలో చేసి వచ్చినవాడు. ఆయనకు లోకంలో నమ్మకం ఉన్నవి రెండే, ఒకటి మెడలో ఈల, రెండోది రాసి పెట్టిన కాగితం. అమ్మాయిని అయిదింటికే లేపి పరుగు పెట్టించేది, వారం వారం టైము రాసేది కూడా ఆయనే. సైన్యంలో చేరేనాటికి తన ఎత్తు సరిగ్గా నూట డెబ్బై అనీ, అప్పట్లో అంతే కావాలనీ, దేవుడు టేపు పెట్టి కొలిచి మరీ పంపాడనీ పిల్లలకు ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటారు.

"బూట్లు విప్పు. మడమలు గోడకి. గడ్డం కిందికి," అన్నారు. తల మీద చెక్క పలక పెట్టి, జడ పక్కకు తోసి, వంగి చూశారు.

"నూట యాభై."

అమ్మాయి తప్పు విన్నాననుకుంది. "ఇంకోసారి చూడండి సార్."

ఇంకోసారి చూశారు. మళ్ళీ నూట యాభై. ఆయన రిజిస్టరులో పోయినేటి పేజీ తిప్పి, వేలితో వరుస పట్టుకుని ఆగిపోయారు.

"పోయినేడు నూట యాభై రెండు. ఈ ఏడు నూట యాభై. పదహారేళ్ళ పిల్ల ఏడాదిలో రెండు సెంటీమీటర్లు కుంగిపోవడం నేనెక్కడా చూడలేదు. అంటే ఏమిటి దానర్థం?"

"నాకు తెలీదు సార్."

"నాకు తెలుసు. పోయినేడు మడమలు లేపావు. ఆ నర్సమ్మ మెత్తనిది, చూసీ చూడనట్టు వదిలేసింది."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు ఎర్ర పెన్నుతో పాత అంకె పక్కన 'మడమలు లేపింది' అని రాసి కింద గీత గీశారు. "ఫారంలో ప్రవర్తన గురించి కూడా నేనే రాయాలి. అక్కడ ఈ సంగతి ఎత్తనులే. అది చాలు నీకు," అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆయన నిజంగానే బాధపడుతున్నారని అమ్మాయికి తెలిసింది, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజు ఆమె తరగతిలో కుంగిపోయినవాళ్ళు మొత్తం నలుగురు తేలారు. నలుగురి పక్కనా అదే ఎర్ర గీత పడింది.

ఇంట్లో తల్లి కుట్టు మిషను మీద ఉంది. సంగతి విని కాలు ఆపింది.

"నెల కిందటే కదే నీ ప్యాంటు మడత విప్పింది? పెరగనిదానికి మడత ఎందుకు విప్పుతాను, నాకు పనీపాటా లేకనా? ఇలా రా, కెప్టెన్."

ఫారం ఇంటికొచ్చినప్పటినుంచీ తల్లి ఆమెను అలాగే పిలుస్తోంది, గిన్నెలు తోమమన్నప్పుడు కూడా. మెడలో వేలాడే టేపు తీసి, ఒక కొస కూతురి మడమ కింద తొక్కిపెట్టి, రెండో కొస నడినెత్తికి లాగింది. "నూట యాభై రెండు, పైన కొసరు. మీ మాస్టారి కళ్ళకు పొరలు వచ్చాయేమో అడుగు."

"ఇంట్లో కొలిస్తే చెల్లదమ్మా. ఆసుపత్రిలో కొలిపించినా చెల్లదు. బడివాళ్ళే కొలిచి సంతకం పెట్టి ముద్ర వేయాలి. శుక్రవారానికల్లా పంపెయ్యాలి."

తండ్రి అప్పుడే పని నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. ఆయన టైల్స్ మేస్త్రీ. వేళ్ళ సందుల్లో తెల్ల సిమెంటు ఎంత కడిగినా పోదు. ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాడు ఆగి, "ఏ గదిలో కొలిచారు?" అని అడిగాడు.

"మందుల గదిలో."

తండ్రి కంచంలో సగం అన్నం ఉండగానే నీళ్ళు తాగి లేచాడు. పని దగ్గర ఏదో తిన్నాడేమో అనుకుంది తల్లి.

మంగళవారం పొద్దున అమ్మాయి మాస్టారిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తున్నారు. వారం రోజులుగా చిన్న తరగతుల ఎత్తులన్నీ చూస్తే ఈ ఏడు పిల్లలు సగానికి సగం కూడా పెరగలేదని తేలిందట. ఫోన్లు పట్టుకుని మూలన కూర్చోవడం, ఆటలు మానేయడం ఇందుకు కారణమట. పెద్ద మేడమ్ సంతకంతో ఆ కాగితం నాలుగు వందల ఇళ్ళకు వెళ్ళబోతోంది.

"సార్, ఒక్కసారి టేపుతో కొలవండి సార్."

"నీకొక్కదానికి టేపు, మిగతావాళ్ళకి గోడా? అందరికీ ఒకటే గోడ. సైన్యంలో చేరాలనుకునేదానివి, ఆ మాత్రం తెలియదూ?"

ఆమె తలూపింది. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది, అదే వచ్చిన చిక్కు.

మందుల గది ముందునుంచి వెళ్తుంటే బూటు లేసు ఊడింది. తలుపు దగ్గర గొంతుక్కూర్చుని ముడి వేసుకుంటూ అటు చూసింది. తలుపు అడుగున, ఈ కొస నుంచి ఆ కొసకి, అంగుళం వెడల్పు చెక్క పట్టీ. తలుపుకున్న నీలం రంగే దానికీ. రంగులో కుంచె వెంట్రుక ఒకటి అతుక్కుపోయి ఉంది.

ఆ వెంట్రుక ఆమెకు తెలుసు. వేసవి సెలవుల్లో ఈ గది నేల వేసింది నాన్నే. ఆఖరి రోజు పట్టీని తలుపుకు ఆనించి పట్టుకున్నది తను, మేకులు కొట్టింది ఆయన, రంగు వేసింది మళ్ళీ తనే. వెంట్రుక తీయబోతే నాన్న, "వదిలెయ్, ఎవరూ ఇక్కడ కూర్చుని చూడరు," అన్నాడు.

ముడి వేసిన లేసును విప్పి మళ్ళీ వేసుకుంటూ ఆమె ఆలోచించింది. తలుపు పాతది. నేల కొత్తది. ఉన్న తలుపుకు అడుగున అతుకు వేయాల్సి వచ్చిందంటే తలుపు పొట్టిది కాలేదు కదా, నేలే దిగింది. గోడ మీద గీతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నేల అంగుళం దిగితే దాని మీద నిలబడ్డవాళ్ళంతా అంగుళం దిగుతారు. బొటనవేలి కణుపు పట్టీ మీద పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

గంట కొట్టారు. ఎవరికీ ఏమీ చెప్పకుండా తరగతికి వెళ్ళింది. ఆ రోజంతా బోర్డు మీది అంకెల్లో ఒక్కటీ తలకెక్కలేదు.

బుధవారం బడి వదిలాక తిన్నగా తండ్రి పనిచేసే చోటికి వెళ్ళింది. కొత్తగా కడుతున్న షాపులో వెనక గది. తండ్రి మోకాళ్ళకు టైరు ముక్కలు కట్టుకుని, పళ్ళ తాపీతో సిమెంటు చాళ్ళు చాళ్ళుగా పరుస్తున్నాడు. ఆమె సంచి పక్కన పెట్టి, అలవాటు కొద్దీ టైల్స్ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్కల డబ్బా అందుకుని పక్కన కూర్చుంది. రెండు టైల్స్ పడేదాకా ముక్కలు అందించింది.

"నాన్నా, మందుల గది తలుపుకి పట్టీ వేశాం కదా."

"వేశాం."

"అంతకు ముందు ఆ సందు లేదు కదా?"

తండ్రి టైలు మీద రసమట్టం పెట్టి, లోపలి బుడగ మధ్యకు వచ్చేదాకా చూశాడు. రబ్బరు సుత్తితో ఓ మూల రెండు దెబ్బలు వేశాడు.

"లేదు. పాత బండలు రెండంగుళాల మందం. అవి లేపేశాక టైలుకి మందం చాలదు, కింద ఇంకో అంగుళం నింపాలి. ఇసుక అయిపోయింది. తెల్లారితే బడి తెరుస్తారు. నేల మట్టంగా ఉంటే చాల్లే అనుకున్నాను. మట్టంగానే ఉంది, బంతి పెట్టినా దొర్లదు."

"బంతి దొర్లదు. మనుషులే కుంగిపోయారు."

ఆయన నవ్వలేదు. "గోడ మీద గీతలున్నాయని అప్పుడు తట్టలేదు. సోమవారం నువ్వు ఆ గది పేరెత్తగానే తెలిసింది."

"సోమవారమే తెలుసా?"

"తెలుసు."

ఆమె డబ్బాలో ముక్కలు ఊరికే అటూ ఇటూ కదిపింది. "నన్ను అందరి ముందూ మోసగత్తెను చేశారు నాన్నా. ఎర్ర పెన్నుతో రాశారు."

తండ్రి తాపీ కింద పెట్టి అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "శుక్రవారం వరండాల పని ఖాయం చేస్తామన్నారు పెద్ద మేడమ్. మూడంతస్తులు, నాలుగు నెలల పని. నేను ఇంతవరకు అంత పెద్ద పని పట్టలేదు. ఒక చిన్న గదికే ఇసుక చాలక పట్టీ కొట్టి దాచానంటే, వరండాలు నా చేతికిస్తారా? అదీ రెండు రోజులుగా నా నోరు నొక్కింది."

పోట్లాడదామనే వచ్చింది ఆమె. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఆయన మోకాళ్ళకు కట్టిన టైరు ముక్కల్లో ఒకటి ఊడి వేలాడుతుంటే, దాన్ని లాగి ముడి వేసింది.

"నేను చెప్పనులే," అంది. "వచ్చే ఏడు మళ్ళీ పంపొచ్చు. వచ్చే ఏడు కూడా తీసుకుంటారు."

అది అబద్ధం. ఈ ఏడుతో వయసు దాటిపోతుందని ఫారం మీద అచ్చువేసి ఉంది. తండ్రి సంతకం చేసిన చోటికి సరిగ్గా పై వరుసలోనే ఉంది. ఆయన ఆ వరుస వేలు పెట్టి చదివిన తరవాతే సంతకం చేశాడు. అయినా "ఊఁ" అన్నాడు. ఇద్దరూ కలిసి గది పూర్తిచేశారు.

ఆ సాయంత్రం తల్లి మిషను పక్కన గైడు పుస్తకం తెరిచి పెట్టుకుంది. రోజూ బొత్తాములు కుడుతూ కూతురికి ఇంటర్వ్యూ చేయడం ఆవిడకు సరదా. గొంతు బొంగురు చేసుకుని పెద్ద ఆఫీసరులా అడుగుతుంది. కూతురు దరఖాస్తు వదులుకుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మాస్టారు రేపో మాపో దారికొస్తారనే ఉంది.

"నిలబడు కెప్టెన్. అకాడమీలో ఎందుకు చేరాలనుకుంటున్నావు?"

"అక్కడ ఎవరి పని వాళ్ళు పూర్తిగా చేస్తారు సార్. సగంలో వదలరు." ఇది ఆమె నెల రోజులుగా చెబుతున్న జవాబే. ఇవాళ మాత్రం చెప్పాక పెదవి కొరుక్కుంది.

"బాగుంది. తరవాతది. నువ్వు చేసిన పొరపాటు ఒకటి చెప్పి, దాన్ని ఎలా సరిదిద్దుకున్నావో వివరించు."

అమ్మాయి నేల వైపు చూసింది. వాకిట్లో కొళాయి దగ్గర తండ్రి తాపీలు కడుగుతున్నాడు.

"ఒకసారి లైబ్రరీ పుస్తకం ఆలస్యంగా ఇచ్చాను సార్. తరవాత వెళ్ళి క్షమించమని అడిగాను."

తల్లి దారం కొరికి, ఆఫీసరు గొంతు వదిలేసింది. "ఇదేం జవాబే, చప్పిడి పత్యంలా ఉంది. ఇది విని వాళ్ళు ఆవులిస్తారు. ఇంకేదైనా చెప్పు, నువ్వు చేసిన తప్పులకేం కరువు?"

"ఇంకేమీ గుర్తు రావట్లేదమ్మా."

కొళాయి కట్టేసిన చప్పుడైంది. తండ్రి చాలాసేపు లోపలికి రాలేదు.

గురువారం రెండో పీరియడ్ మధ్యలో మందుల గదికి రమ్మని కబురొచ్చింది. ఆమెకే కాదు, ఎర్ర గీత పడ్డ నలుగురికీ. వెళ్ళేసరికి గదిలో పెద్ద మేడమ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మాస్టారు చంకలో రిజిస్టరు. గోడ పక్కన తండ్రి, పనిసంచి కాళ్ళ దగ్గర. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అది చూడగానే ఆయన ఎందుకు వచ్చాడో అమ్మాయికి తెలిసింది.

"అంటే నేల అంగుళం దిగిందని నువ్వే వచ్చి చెబుతున్నావా మేస్త్రీ?" అంటోంది పెద్ద మేడమ్.

"నేనే వేశాను కదా మేడమ్. వేరేవాళ్ళకెలా తెలుస్తుంది?"

మాస్టారు ముఖం ముడుచుకుని ఉంది. "ఇన్ని నెలలూ చెప్పనివాడివి ఇవాళ వచ్చావంటే, నీ కూతురి కోసమే కదా?"

"అవును సార్. కూతురు కాకపోతే చెప్పేవాణ్ణి కాదేమో."

తండ్రి సంచిలోంచి ఇనుప టేపు తీసి మాస్టారికి అందించాడు. "నేను ముట్టుకోను. మీరే కొలవండి సార్."

మాస్టారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగారు. టేపు కొస టైలుకు ఆనించి, అమ్మాయి చేత పై కొస పట్టించి, గోడ మీద నూట యాభై అని రాసిన గీత దాకా లాగారు. టేపు నూట యాభై రెండున్నర చూపించింది. ఆయన కొస విడిచి మళ్ళీ ఆనించి చూశారు. మళ్ళీ అంతే.

"ఇన్నాళ్ళూ గోడ నా చేత అబద్ధం రాయించింది," అన్నారు నేల మీదే కూర్చుని.

"గోడ తప్పేం లేదు సార్. నేలదే," అన్నాడు తండ్రి.

పెద్ద మేడమ్ కళ్ళు మూసుకుని తెరిచింది. ఆవిడకు నాలుగు వందల ఇళ్ళకు వెళ్ళిన కాగితం గుర్తొచ్చి ఉంటుంది. "ఇప్పుడు ఇంటింటికీ ఏమని రాయాలి, మీ పిల్లలు పెరిగారు, మేమే చూసుకోలేదనా?" అంది. గుమ్మం దాటబోతూ ఆగి, "వరండాల సంగతి తరవాత చూద్దాంలే మేస్త్రీ," అని వెళ్ళిపోయింది. ఆవిడ తరవాత చూద్దామన్నది ఏదీ ఆ బళ్ళో ఇంతవరకు ఎవరూ చూడలేదు. తండ్రి తలూపాడు, ధర కుదరని బేరం దగ్గర ఊపినట్టు.

మాస్టారు లేచి, నలుగురినీ టేపుతో కొలిచారు. అమ్మాయి వంతు వచ్చేసరికి తండ్రి గది బయటికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఈసారి మాస్టారు ముందు వంగి ఆమె మడమలు చూశారు, తరవాత తల చూశారు.

"నూట యాభై రెండు. మీద నాలుగు మిల్లీమీటర్లు."

ఫారం అక్కడే తీసి గడి నింపారు, సంతకం పెట్టి ముద్ర వేశారు. తరవాత రిజిస్టరు తెరిచి, పోయినేటి పేజీలో 'మడమలు లేపింది' అన్న మాటను నాలుగు చోట్లా కొట్టేసి, ప్రతి కొట్టివేత పక్కనా పొట్టి సంతకం చేశారు. "దిద్దినచోట సంతకం ఉండాలి. లేకపోతే చెల్లదు," అన్నారు, ఎవరో అడిగినట్టు. క్షమించమని అనడం ఆయనకు అలవాటు లేదు. ఆ నాలుగు సంతకాలే అమ్మాయికి చాలనిపించాయి.

"మీరిక తరగతికి వెళ్ళండి."

ముగ్గురు వెళ్ళారు. అమ్మాయి ఫారం సంచిలో పెట్టుకుని తండ్రి కోసం గుమ్మం దగ్గర ఆగింది. మాస్టారు ఆమె ఉన్నది గమనించినట్టు లేదు. బల్ల మీద ఈల పెట్టి, వంగి బూట్లు విప్పి, మేజోళ్ళతో వెళ్ళి గోడకు ఆని నిలబడ్డారు.

"మేస్త్రీ, ఒకసారి లోపలికి రండి. ఇది చూసి పెట్టండి."

తండ్రి వచ్చి మూలమట్టం ఆయన తల మీద ఆనించాడు. ఆ పనిముట్టుతో ఇన్నేళ్ళుగా గోడల మూలలు చూశాడే గానీ మనిషి తల ఎప్పుడూ చూడలేదు. "గడ్డం కాస్త కిందికి సార్," అన్నాడు. మాస్టారు దించారు.

"బడి తెరిచిన వారంలో ఒక్కణ్ణే కొలుచుకున్నాను. నూట అరవై ఏడు వచ్చింది," అన్నారు కళ్ళు ఎదురుగోడ మీదే ఉంచి. "ఎవరికీ చెప్పలేదు. పొద్దున పరుగు కూడా తగ్గించాను. ఇక అయిపోయిందిలే అనుకున్నాను."

"నూట అరవై తొమ్మిదిన్నర," అన్నాడు తండ్రి టేపు చూసి.

"ఆ అర ఏమైంది?"

"అది వయసు సార్. నా నేల కాదు."

మాస్టారు పకపకా నవ్వారు. అమ్మాయి ఆయన నవ్వగా చూడడం అదే మొదలు. ఈల మెడలో వేసుకుని, "రేపు పొద్దున అయిదుకి రా, నేనూ పరిగెడతాను," అని ఆమెతో అంటూ వెళ్ళిపోయారు. అంటే ఆమె ఉన్నది గమనించారన్నమాట.

తండ్రి సంచి సర్దుకోలేదు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ మేకులు పీకడం మొదలుపెట్టాడు. ఆదివారం వచ్చి నేల లేపి మళ్ళీ వేస్తానని మేడమ్‌కు ముందే చెప్పాడట, కూలి లేకుండా. అమ్మాయి ఎదురుగా కూర్చుని వేసవిలో పట్టుకున్నట్టే పట్టీ రెండో కొస పట్టుకుంది. ఆఖరి మేకు వచ్చాక తలుపు కింద సందులోంచి వరండా వెలుతురు గదిలోకి పడింది.

"వరండాలు పోయినట్టేనా నాన్నా?"

"పోయినట్టే." మేకులు జేబులో వేసుకున్నాడు. "మీ అమ్మ అడిగిన ప్రశ్న ఉంది చూడు, ఆ పొరపాటు ప్రశ్న. దానికి జవాబు దొరికిందా?"

"అది నీ జవాబు నాన్నా. నాదెలా అవుతుంది?"

తండ్రి పట్టీని తిప్పి, రంగులో అతుక్కున్న కుంచె వెంట్రుకను గోటితో లేపి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"రంగు వేసింది నువ్వే కదే," అన్నాడు. "సగం నీదే. వెళ్ళి చెప్పుకో."